పడమటి గదిలో ఎండ

ఆ స్టూడియో పెట్టినతను ఆమె భర్తకు పిన్ని కొడుకు, వయసులో చిన్నవాడు. ఆ వరసన ఆమెను ఆఫీసులో కూడా వదినా అనే పిలిచేవాడు. కొత్తగా చేరినవాళ్ళు అది విని తామూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. ఆఖరికి ఆమెకంటే బాగా పెద్దవాడైన కుర్చీలాయన కూడా వదినగారూ అనేవాడు. నేను మీకు కూతురి వరసవుతానండీ అని మొదట్లో ఆమె ఒకటి రెండుసార్లు సర్దిచెప్పి చూసింది. వరస కుదరకపోయినా పిలుపు కుదిరింది కదమ్మా అన్నాడాయన. ఆమె నవ్వి ఊరుకుంది.

వాళ్ళది ఇంకా కట్టని ఇళ్ళకు ఫోటోలు తీసే పని. నిజానికి అవి ఫోటోలు కావు, కంప్యూటర్లో పుట్టే బొమ్మలు. కానీ చూసినవాళ్ళు ఫోటో అనుకోకపోతే ఆ పని చెడినట్టే లెక్క. బిల్డరు ప్లాను కాగితాలు తెచ్చి బల్ల మీద పరిచేవాడు. అప్పటికి ఆ స్థలంలో పిచ్చిమొక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇక్కడ కంప్యూటరు తెర మీద ఒకరు గోడలు లేపేవారు. కుర్చీలూ మంచాలూ అలమారాలూ చేసి పెట్టేది కుర్చీలాయన. అన్నీ అమరాక గది వదిన చేతికి వచ్చేది. సూర్యుణ్ణి ఎక్కడ నిలబెట్టాలో, కిటికీలోంచి వెలుగు ఎంత రావాలో, వచ్చినది ఎక్కడ పడాలో చూసేది ఆమె.

పెళ్ళికి ముందు ఆమె ఒక ఫోటో స్టూడియోలో ఫోటోలు దిద్దే పని చేసింది. "అక్కడ మొహాల మీద మచ్చలు తీసేసి జీతం తీసుకున్నాను, ఇక్కడ గోడల మీద మచ్చలు పెట్టి తీసుకుంటున్నాను" అని తన మీద తానే నవ్వుకునేది. అది ఉత్త నవ్వులాట కాదు. ఆమె చేసిన మొదటి గదులన్నీ కడిగిన గాజులా మెరిసిపోయేవి. చూసిన ప్రతివాళ్ళూ బాగుంది, బొమ్మలా ఉంది అనేవారు. బొమ్మలా అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. తేడా ఎక్కడ కొడుతోందో పట్టుకోవడానికి చాలా కాలం పట్టింది.

లోకంలో కత్తిలాంటి అంచు ఏ బల్లకూ ఉండదు. చేతులు తగిలి తగిలి కాస్త అరుగుతుంది, ఆ అరిగిన చోట సన్నని వెలుగు గీత నిలుస్తుంది. స్విచ్చి చుట్టూ వేలిముద్రల మసక ఉంటుంది. కుర్చీ వెనక గోడ మీద గీరుడు ఉంటుంది. ఇక వెలుగు సంగతి సరే సరి. అది పడినచోట ఆగదు. నేల మీద పడి గోడకు ఎక్కుతుంది, గోడ నుంచి పైకప్పుకు పోతుంది, పోతూ పోతూ దారిలో తగిలినవాటి రంగు అంటించుకుంటుంది. మంచం మీద ఎర్ర దుప్పటి పరిస్తే పక్కనున్న తెల్ల గోడకు కూడా కాస్త ఎరుపు అంటుతుంది. ఆ ఎరుపు ఉంటే ఎవరూ గమనించరు, లేకపోతే మాత్రం ఎందుకో తెలియకుండానే పెదవి విరుస్తారు. ఇదంతా ఆమె నేర్చుకుంది. కంప్యూటరు ఒక్కో వెలుగు కిరణం వెంట పడి, అది ఎక్కడెక్కడ తాకిందో లెక్క వేసుకుంటూ పోయేది. ముందు తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపించేవి. తర్వాత ఇసుక మెల్లగా అణిగి, అందులోంచి గది తేలి వచ్చేది. ఆ లెక్క నడిచేంతసేపూ మిగతావాళ్ళు టీకి పోయేవారు. వదిన మాత్రం అక్కడే కూర్చుని చూసేది, ముఖ్యంగా అది పిల్లల గది అయితే.

ఈ ఉద్యోగంలో చేరడానికి ముందటి ఏడు ఆమెకు ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజే పోయింది. పేరు పెట్టేంత వ్యవధి కూడా లేదు. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. భర్త మంచివాడు, కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పనిలో ఉండేవాడు. మొదటి కొన్నాళ్ళు ఆమె ముందు ఆ ఊసెత్తకూడదని అతను అనుకున్నాడు. అతని ముందు ఎత్తకూడదని ఆమె అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ ఇద్దరికీ అదే అలవాటైపోయింది.

ప్రతి ఇంటి బ్రోషర్‌లోనూ పిల్లల గది ఒకటి ఉండి తీరాలి. గదిలో మనుషులు ఉండకూడదు, కొనుక్కునేవాళ్ళు తమ పిల్లల్ని అందులో ఊహించుకోవాలి. అలాగని గది బోసిగా ఉన్నా కుదరదు. ఇప్పుడే ఎవరో ఆడుకుని లేచి వెళ్ళినట్టు ఉండాలి. మొదటి ఏడు వదిన ఉయ్యాల పెట్టింది, దాని అంచుకు ఒక చిన్న బట్ట ఆరేసింది. తర్వాత నేల మీద కొరికిన చెక్క దిమ్మెలు, మూడు చక్రాల బండి. కొన్నాళ్ళకు గోడ మీద అందినంత ఎత్తులో రంగు పెన్సిలు గీతలు. ఆ తర్వాత స్కూలు సంచి, సగం తాగిన పాల గ్లాసు, ఒకటి బోర్లా పడిన బూట్ల జత.

అది మొదట కనిపెట్టింది కుర్చీలాయనే. ఒకరోజు కొత్త మంచం చేయడానికి కొలతలు అడిగితే, పాతది చాలదు, ఇంకాస్త పొడవు కావాలి అందామె.  ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"మీ గదుల్లో పాప పెరుగుతోందమ్మా."

ఆ ఒక్కసారి వదినగారూ అనలేదు. ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా తల ఊపింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఆ గదులకు చేసే సామాను మాత్రం మరీ శ్రద్ధగా చేసేవాడు. ఒకసారి ఆమె అడగకుండానే చిన్న జామెట్రీ పెట్టె చేసి ఇచ్చాడు, మూత కాస్త సొట్టపోయినట్టు.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద బిల్డరు రెండు బ్లాకుల అపార్టుమెంటు తలపెట్టాడు. అందులో పడమటి వైపు గది పిల్లలది. దానికి ఎదురుగా రెండో బ్లాకు వస్తుందని ప్లానులో స్పష్టంగా ఉంది. అది కట్టడానికి ఇంకా టైముంది, బొమ్మలో వెయ్యనక్కర్లేదు అన్నాడు బిల్డరు. అలా అనకపోయినా ఆమె ఏం చేసేదో చెప్పలేం. ఆ గదికి సాయంత్రపు ఎండ కావాలని ఆమె మనసు పడింది. రెండో బ్లాకు తీసేసి, సూర్యుణ్ణి బాగా కిందికి దించి, వెలుగు ఏటవాలుగా వచ్చి మంచం మీదా, బూట్ల మీదా, తెరిచి బోర్లించిన పుస్తకం మీదా పడేలా పెట్టింది. ఆమె చేసినవాటిలో అంత మంచి గది అంతకుముందు లేదు. ఊరంతా హోర్డింగుల మీద ఎక్కింది. బొమ్మ కింద ఒక మూల, కంటికి ఆనీ ఆననంత చిన్న అక్షరాల్లో, ఊహాచిత్రం మాత్రమే అని వేశారు.

ఇళ్ళు లేచాయి, రెండో బ్లాకూ లేచింది, జనం చేరారు. తర్వాత ఏడాదికి ఒకావిడ ఆ బ్రోషరు పట్టుకుని స్టూడియోకు వచ్చింది. బిల్డరు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగితే, బొమ్మ చేసినవాళ్ళనే అడుక్కోమన్నారట. పోట్లాడటానికి వచ్చిందని మరిది ముందే బెదిరి, చిన్న అక్షరాలు వేలు పెట్టి చూపించబోయాడు. ఆవిడ అటు చూడలేదు. వదిన పక్కన కూర్చుని బ్రోషరు విప్పింది.

"ఇందులో ఎండ ఉంది కదండీ, ఇది ఏ నెలలో వస్తుంది?"

 ఆవిడ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ పిల్లకు బొమ్మలో గది తెగ నచ్చింది. ఇల్లు మారగానే మంచం సరిగ్గా బొమ్మలో ఉన్నచోటే వేయించుకుంది. చలికాలంలో రాలేదు, ఎండాకాలంలో వస్తుందేమో అనుకున్నారు. ఎండాకాలం పోయింది, వానల తర్వాత వస్తుందేమో అనుకున్నారు. ఇప్పుడు మళ్ళీ చలి మొదలైంది. పిల్ల రోజూ అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక అడుగుదామని వచ్చింది.

మరిది ఏదో అనబోతే వదిన చెయ్యెత్తి ఆపింది.

"ఏ నెలలోనూ రాదండీ. ఎదురుగా ఇంకో బ్లాకు వస్తుందని నాకు తెలుసు. తెలిసే ఎండ పెట్టాను."

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. ఆవిడ బ్రోషరు మడిచి సంచిలో పెట్టుకుని, ఆ మాట మా అమ్మాయికి మీరే చెప్పగలరా అని అడిగింది.

ఆ ఆదివారమే వదిన వెళ్ళింది. పట్టపగలు ఆ గదిలో లైటు వెలుగుతోంది. కిటికీ అవతల ముదురు బూడిద రంగు గోడ, కిటికీలూ ఏమీ లేకుండా, పలకలా నిలబడి ఉంది. మంచం, బల్ల, అలమారా అన్నీ బొమ్మలో ఉన్నచోటే ఉన్నాయి. మిగతాదేదీ ఆమె ఊహకు అందేలా లేదు. అలమారా తలుపు లోపలి వైపు, పళ్ళ మీద అంటించి వచ్చే బుల్లి స్టిక్కర్లు వరసలు వరసలుగా అతికించి ఉన్నాయి. పడుకుని లాగితే కర్టెను జరిగేలా కిటికీ చువ్వ నుంచి మంచం దాకా తాడు కట్టి ఉంది. బల్ల మీద అగ్గిపెట్టెలో దూది పరిచి ఒక గులకరాయిని పడుకోబెట్టి ఉంది. దానికి జ్వరం, ముట్టుకోకండి అంది పిల్ల.

వదిన మంచం అంచున కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎండ రాదనీ, బొమ్మలో దాన్ని తానే పెట్టాననీ చెప్పింది. పిల్ల విని, బ్రోషరు తెచ్చి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మరి ఈ బూట్లెవరివి?"

"మా అమ్మాయివి."

ఆ మాట నోరు దాటాక గాని ఆమెకు తెలియలేదు, ఆ రెండు ముక్కలూ తాను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదని.

"ఈసారి తీసుకురండి. ఏ క్లాసు?"

"నీ అంతే ఉంటుంది" అంది వదిన. 

మర్నాడు ఆఫీసులో ఆ గదిని మళ్ళీ తెర మీదికి తెచ్చింది. అప్పుడు తీసేసిన రెండో బ్లాకును ఈసారి దాని చోట నిలబెట్టింది. గదిని చీకటి కమ్మేసింది, సరిగ్గా తాను చూసి వచ్చినట్టే. సూర్యుణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పుతూ చూసింది. మధ్యాహ్నానికి కాస్త ముందు, మొదటి బ్లాకు మీంచి ఎండ వచ్చి ఎదురు గోడ మీద కాసేపు పడుతోంది. ఆ బూడిద రంగు దాన్ని మింగేస్తోంది. గోడకు తెలుపు వేసి చూసింది. ఇసుక అణిగేసరికి గది తెల్లవారినట్టు తేరుకుంది. సూటి ఎండ కాదు, గోడ మీంచి తిరిగి వచ్చిన వెలుగు. అయినా పుస్తకం చదువుకోవచ్చు.

అపార్టుమెంటు సెక్రటరీ దగ్గరికి రెండు బొమ్మలూ పట్టుకుని వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, రెండూ వెనక్కి ఇచ్చేశాడు.

"బొమ్మ చూసి ఒకసారి కొనేశామమ్మా. మళ్ళీ బొమ్మ చూపిస్తే ఎలా?"

 ఉసూరుమంటూ ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. పిల్ల సంగతి చెప్పింది, ఎండ సంగతి చెప్పింది, బూట్ల సంగతి మాత్రం చెప్పలేదు. అతను అన్నం తింటూ విని, బొమ్మ నమ్మకపోతే దుప్పట్లు కట్టి చూపిద్దాం అన్నాడు. కళ్ళజోడు అద్దం మార్చేటప్పుడు తాను చేసేదీ అదేనట. ముందు ఉత్త అద్దం కంటి ముందు పెట్టి చూపిస్తాడు, కనబడింది అన్నాకే బిగిస్తాడు.

ఆ వచ్చే ఆదివారం ఇద్దరూ ఇంట్లో ఉన్న తెల్ల దుప్పట్లన్నీ మూటగట్టుకుని వెళ్ళారు. చాలకపోతే పిల్ల వాళ్ళమ్మ ఇరుగు పొరుగు ఇళ్ళలో అడిగి తెచ్చింది. రెండో బ్లాకు మేడ మీంచి వాటిని ఒకదాని కింద ఒకటి కుట్టి వేలాడదీశారు. వీధిలోకి కనపడని గోడకు ఈ అలంకారం ఏమిటని జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. సెక్రటరీ గొణుక్కుంటూనే తాడు పట్టుకున్నాడు. ఎండ గోడ మీదికి వచ్చేసరికి దుప్పట్లు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి.

అందరూ పిల్ల గదిలోకి వచ్చి లైటు ఆర్పారు.  గది మూలల దాకా వెలుగు మెత్తగా పరుచుకుని ఉంది. అలమారా తలుపు మీది స్టిక్కర్ల రంగులు విడివిడిగా తెలుస్తున్నాయి. పిల్ల చెయ్యి చాపి చూసుకుంది.

"ఎండ కాదు కదా" అంది. కాసేపాగి, "బాగానే ఉంది" అంది.

సెక్రటరీ గొంతు సవరించుకుని, తెల్ల రంగైతే ఎప్పుడైనా వేయించాల్సిందేగా అన్నాడు. పిల్ల అప్పుడే వదిన భర్తను పట్టుకుని అడిగింది.

"మీ అమ్మాయి రాలేదా అంకుల్?"

 అతను భార్య వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది. అతను వంగి, పిల్ల కళ్ళలోకి చూసి, "రాలేదమ్మా" అన్నాడు. అంతే.

దుప్పట్ల మూట చెరో వైపు పట్టుకుని నడిచి వస్తున్నారు. సందు మలుపు తిరిగారు. ఆమె ఏదో చెప్పబోతే అతనే అందుకున్నాడు.

"నాకు తెలుసులే. నువ్వు మూడు చక్రాల బండి కొన్నప్పుడే తెలుసు."

బండి కొన్నప్పుడే అన్నాడు, బొమ్మలో పెట్టినప్పుడు అనలేదు. దుకాణానికి పోయే దారిలో ఆ బండి ఉన్న గది హోర్డింగు ఉండేదట. అది తీసి వేరేది పెట్టేదాకా రోజూ సైకిలు ఆపి చూసి పోయేవాడట. నాతో ఎందుకు అనలేదు అని ఆమె అడగలేదు. తానూ అనలేదు కదా.

గోడకు తెల్ల రంగు పడింది. ఆ పిల్ల ఇంటికి వాళ్ళిద్దరూ ఆ తర్వాత అడపాదడపా వెళ్ళేవారు. మీ అమ్మాయి సంగతేమిటని పిల్ల మళ్ళీ అడిగిన రోజున వదిన నిజం చెప్పేసింది. పిల్ల చాలాసేపు ఆలోచించి, అయితే ఆ బూట్లు ఎవరూ వేసుకోనే లేదా అని మాత్రం అంది.

ఆఫీసులో ఒక్క మార్పు వచ్చింది. ఎదురుగా ఏది రాబోతోందో అది బొమ్మలో ఉంటేనే వెలుగు పెడతానని వదిన తెగేసి చెప్పింది. మరిది తల పట్టుకున్నాడు. ఒకరిద్దరు బిల్డర్లు మొహం చాటేశారు కూడా. కానీ ఆమె చేసే గదిలా ఇంకొకరు చేయలేరని అతనికి తెలుసు, మెల్లగా దారికి వచ్చాడు. పిల్లల గదుల్లో మాత్రం ఆమె చెయ్యి ఆడేది కాదు. అగ్గిపెట్టెలో రాయి గుర్తొచ్చేది. ఇన్నేళ్ళూ తన కూతురికి ఏ పిల్లకైనా ఉండేవన్నీ అమర్చింది. ఆ కూతురికి మాత్రమే ఉండేది, అమ్మ ఊహించలేనిది, ఒక్కటంటే ఒక్కటి కూడా పెట్టలేకపోయింది. పెట్టడం ఎవరి వల్లా కాదు. ఒట్టి మంచం వేసి, కిటికీ తెరిచి ఇచ్చేసేది. సామాను ఏదీ వదినా అని మరిది అడిగితే, వచ్చేవాళ్ళు తెచ్చుకుంటారులే అనేది.

ఒకనాటి సాయంత్రం భర్త దుకాణం నుంచి పెందలాడే వచ్చాడు. ఇద్దరూ వరండాలో టీ తాగుతున్నారు. అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"ఎలా ఉండేది?"

ఎవరు అని ఆమె అడగలేదు. ఆ రోజు అతను మందుల కోసం బయటికి పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి పాపను గుడ్డలో చుట్టేశారు. మొహం చూడవద్దని పెద్దవాళ్ళు పట్టి ఆపారు. చూసింది ఆమె ఒక్కతే.

"నీకు చేతనవుతుంది కదా" అన్నాడు మళ్ళీ. "బొమ్మ చెయ్యగలవా?"

 చేసి చూశానంది. ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక ఎన్నోసార్లు మొదలుపెట్టిందట. గోడ, బల్ల, గాజు అన్నీ వస్తాయి గాని ఒళ్ళు రాదు. గోడ మీద పడిన వెలుగు తిరిగి వచ్చేస్తుంది. ఒంటి మీద పడినది లోపలికి పోతుంది, రక్తంలో కాస్త తిరిగి, ఎర్రబడి, ఇంకో చోట బయటికి వస్తుంది. ఎంత లోపలికి పోవాలి, ఎంత ఎర్రబడాలి, ఆ లెక్క ఒక వెంట్రుకవాసి తప్పినా మైనపు బొమ్మ అయిపోతుంది. మైనపు బొమ్మగా దాన్ని చూడలేక ప్రతిసారీ తుడిచేసింది.

"బొమ్మ వద్దులే. చెప్పు" అన్నాడు.

ఆమె చెప్పింది. జుట్టు తడిగా నుదుటికి అంటుకుని ఉంది. గుప్పిళ్ళు మూసే ఉన్నాయి. నర్సు ఎత్తుకుని పక్క గదిలోకి తీసుకుపోతూ కిటికీ ముందు ఒక్క క్షణం ఆగింది. అప్పుడు వెనక నుంచి ఎండ పడి పాప చెవి వెలిగింది, పూరేకులా, ఎర్రగా, లోపల సన్నని నరం కూడా కనపడేలా. ఆ చెవి తప్ప మిగతా మొహం ఇప్పుడు ఆమెకు సరిగా గుర్తు లేదు. 

అతను కళ్ళజోడు పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏ చెవి?"

ఆమె కళ్ళు మూసుకుని ఆలోచించింది. కిటికీ ఎటు ఉందో, నర్సు ఎటు తిరిగిందో గుర్తు చేసుకుంది.

"ఎడమది."

అతను తల ఊపాడు. టీ చల్లారిపోయింది. ఇద్దరూ లేవలేదు.